వార్డెను సంతకం తల్లి సంతకం కాదు

(భద్రాచలం అడవి అంచు గ్రామాల కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం ‘దేశ సమస్యలు – జాతీయ పరిశోధనలు – మనం’. పేరు వినగానే ఇది యూనివర్సిటీల ముచ్చట, మిరపకాయ ఏరుకునే మాకెందుకు అని మీలో కొందరికి అనిపించి ఉంటది. కానీ ఈ ముచ్చట మనదే. ఢిల్లీలో కాగితం మీద మొదలై, మన హాస్టళ్లకు నడిచొచ్చి, మన ఆడపిల్లల జబ్బల మీద సూదిగా దిగిన ముచ్చట ఇది. అందుకే ఇయ్యాల మాట్లాడుకోవాలి.

ముందు జాతీయ పరిశోధన అంటే ఏందో చూద్దాం. ఒక దేశానికి ఒక పెద్ద కష్టం ఉంటది. క్షయ కావచ్చు, మలేరియా కావచ్చు, తిండి గింజల కొరత కావచ్చు. అది ఒక్క డాక్టరు వల్లనో, ఒక్క కాలేజీ వల్లనో తీరేది కాదు. కేంద్ర ప్రభుత్వ పరిశోధనా మండళ్లు, రాష్ట్ర ప్రభుత్వాలు, వైద్య కళాశాలలు, ఒక్కోసారి విదేశీ సంస్థలు, కంపెనీలు అన్నీ చెయ్యి కలుపుతాయి. పలుచోట్ల ఒకే పద్ధతిలో పరిశీలన చేసి, వచ్చిన ఫలితాన్ని దేశమంతా అమలు చేస్తాయి. మాటగా చూస్తే మంచిదే. మంచి జరిగిన సందర్భాలూ ఉన్నాయి.

ఉదాహరణకు క్షయ సంగతి తీసుకోండి. ఒకప్పుడు టీబీ వచ్చినవాణ్ణి ఊరికి దూరంగా శానిటోరియంలో నెలల తరబడి పెట్టేవాళ్లు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి లేకపోతే మందు పనిచేయదని పెద్ద డాక్టర్ల నమ్మకం. మరి కూలోడికి శానిటోరియం ఎక్కడ దొరుకుతుంది? 1956లో మద్రాసులో భారత వైద్య పరిశోధనా మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి కలిసి ఒక కేంద్రం పెట్టాయి. పేద రోగులను రెండు భాగాలు చేశారు. కొందరికి శానిటోరియంలో మందులు. కొందరికి వాళ్ల ఇరుకు ఇళ్లలోనే అవే మందులు. 1959లో ఫలితం చెప్పారు. ఇంటికాడ మందు మింగినవాళ్లకూ అంతే బాగా నయమైంది. ఇయ్యాల మన వాడలో టీబీ మనిషి ఇంట్లోనే ఉండి గోళీలు మింగుతున్నాడంటే దాని వెనక మద్రాసు పేదలు భాగమైన ఆ పరిశోధన ఉంది.

పంటలోనూ అంతే. 1965లో హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంగా అఖిల భారత వరి పరిశోధనా సమన్వయ పథకం మొదలైంది. 1968లో అక్కడినుంచి ‘జయ’ వరి వచ్చింది. పెద్ద వయసు రైతులకు ఆ పేరు గుర్తుండే ఉంటది.

కాబట్టి పరిశోధన వద్దు, సైన్సు వద్దు అని చెప్పటానికి నేను నిలబడలేదు. బాబాసాహెబ్ మనకు చదువు చెప్పమన్నాడు గాని చదువును చూసి పారిపొమ్మనలేదు. నా ప్రశ్న వేరే. ఈ పెద్ద పెద్ద సంస్థలన్నీ చెయ్యి కలిపినప్పుడు, ఆ చేతుల్లో మన చెయ్యి ఎక్కడుంది? మనం భాగస్వాములమా, లేక సూది పొడవటానికి జబ్బ మాత్రమే ఇచ్చేవాళ్లమా?

దీనికి జవాబు మన ఖమ్మం జిల్లాలోనే ఉంది.

2009లో ఏం జరిగింది

ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సరు ఒకటుంది. దానికి మూలం హ్యూమన్ పాపిలోమా అనే వైరస్. పొట్టిగా హెచ్‌పీవీ అంటారు. ఈ వైరస్ సోకకుండా ముందే ఇచ్చే టీకాలను విదేశీ కంపెనీలు తయారుచేశాయి. మెర్క్ కంపెనీది గార్డాసిల్. గ్లాక్సో కంపెనీది సెర్వారిక్స్.

అమెరికాకు చెందిన ‘పాథ్’ అనే సంస్థ బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో నాలుగు దేశాలను ఎంచుకుంది. ఇండియా, పెరూ, ఉగాండా, వియత్నాం. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. మన దేశంలో ఆ పనికి భారత వైద్య పరిశోధనా మండలి, అంటే ఐసీఎంఆర్, తోడు నిలిచింది. 2007లోనే పాథ్‌తో ఒప్పందం రాసుకుంది. ఈ టీకాలకు మన దేశంలో అనుమతి వచ్చింది 2008లో. అంటే టీకాకు అనుమతి రాకముందే టీకా పనికి ఒప్పందం అయిపోయింది.

దేశంలో రెండు జిల్లాలు ఎంచుకున్నారు. గుజరాత్‌లో వడోదర, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మన ఖమ్మం. 2009 జూలైలో మన దగ్గర మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మూడు మండలాలు. ఇప్పుడు జిల్లాలు చీలినాయి, రాష్ట్రమూ చీలింది. భద్రాచలం, కొత్తగూడెం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి పోయినాయి. గోదావరి ఒడ్డు మండలాలు కొన్ని 2014లో ఆంధ్రాలో కలిసినాయి. కాని అప్పుడు ఇదంతా ఒక్కటే జిల్లా. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి గార్డాసిల్ సూది వేశారు. ఒక్కొక్కరికి మూడు డోసులు.

ఎవరీ పిల్లలు? వీళ్లలో కోయ పిల్లలు ఉన్నారు. మాల మాదిగ పిల్లలు. ముస్లిం, బీసీ కూలోళ్ల పిల్లలు. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో తల్లిదండ్రులకు దూరంగా ఉండి చదువుకునే పిల్లలు. ఎక్కడ పిల్లల పక్కన తల్లి ఉండదో అక్కడికే సూది ముందు వచ్చింది.

కార్డుల మీద, కాగితాల మీద ప్రభుత్వ గ్రామీణ ఆరోగ్య మిషన్ గుర్తు ఉంది. మనోళ్లు ఏమనుకుంటారు? పోలియో చుక్కల మాదిరి ఇదీ సర్కారు టీకా అనుకున్నారు. ఇదొక అధ్యయనం అనీ, ఇందులో చేరటం చేరకపోవటం మన ఇష్టమనీ వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పలేదు.

2010 మొదట్లో పిల్లల మరణాల వార్తలు బయటికొచ్చినాయి. మార్చిలో ‘సమ’ అనే మహిళా ఆరోగ్య సంస్థవాళ్లు భద్రాచలం వచ్చి హాస్టళ్లలో, గూడేల్లో తిరిగి పిల్లలతో, తల్లులతో మాట్లాడారు. టీకా తర్వాత కడుపునొప్పి, తలనొప్పి, తలతిరుగుడు, నెలసరిలో తేడాలు వచ్చినట్టు కొందరు పిల్లలు చెప్పారు. మహిళా సంఘాలు గొంతెత్తినాయి. బృందా కరత్ ఈ విషయాన్ని కేంద్ర ఆరోగ్య మంత్రి ముందు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును నిలిపేసింది. అప్పటికి రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. అందులో ఐదుగురు మనవాళ్లు.

కమిటీలు ఏం చెప్పినాయి

కేంద్రం ఒక విచారణ సంఘం వేసింది. 2011లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. మరణాలకు టీకా కారణం అయ్యే అవకాశం చాలా తక్కువ అన్నది. ఒక పిల్ల నీళ్లలో మునిగింది, ఒక పిల్లను పాము కరిచింది, ఇద్దరు పురుగుమందు తాగారు, ఒకరికి మలేరియా ముదిరింది. మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలలేదు. అయితే అదే సంఘం సమ్మతి తీసుకున్న తీరులో లోపాలున్నాయని కూడా ఒప్పుకుంది.

తర్వాత పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం ఈ సంగతి మొత్తం తవ్వింది. 2013 ఆగస్టులో తన 72వ నివేదిక పార్లమెంటు ముందు పెట్టింది. అందులో మనం కంఠస్థం చేయాల్సిన అంకెలు మూడున్నాయి. పలకమీద రాస్తున్నాను, చూడండి.

ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన సమ్మతి పత్రాలు 9,543.
అందులో వేలిముద్రలు ఉన్నవి 1,948.
హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టినవి 2,763.

లెక్క చూడండి. నూటికి 29 పత్రాల మీద వార్డెను సంతకం. పిల్ల తల్లి గూడెంలో ఉంది, తండ్రి పోడులో ఉన్నాడు, సంతకం మాత్రం హాస్టల్ ఆఫీసు బల్లమీద పడింది. చాలా పత్రాలమీద సాక్షి సంతకం కూడా లేదు. ఇక వేలిముద్రల సంగతి. వేలిముద్ర వేసిన తల్లిని తక్కువ చేసి మాట్లాడటం లేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదటోణ్ణి. మా అమ్మది కూడా వేలిముద్రే. వేలిముద్ర వేసే మనిషికి బుద్ధి లేదని కాదు. ఆ మనిషికి కాగితంలో ఏముందో ఒకరు చదివి వినిపించాలి, విన్నదాన్ని ఆమె తిప్పి అడగటానికి టైము ఇవ్వాలి, పక్కన ఆమె నమ్మిన సాక్షి ఒకరుండాలి. ఇవి లేని వేలిముద్ర సిరా మరకే అవుతుంది, ఒప్పుకోలు కాదు.

హెడ్మాస్టర్లు తల్లిదండ్రుల తరఫున సంతకాలు పెట్టేట్టు రాష్ట్ర ప్రభుత్వం ఆదేశాలు ఇవ్వటాన్ని పార్లమెంటు సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. పిల్లలకు బీమా లేదని, టీకా తర్వాత ఎవరికి ఏమైందో పట్టించుకొని నమోదుచేసే ఏర్పాటు సరిగ్గా లేదని చెప్పింది. ఐసీఎంఆర్ ఇంత ఉత్సాహం ఎందుకు చూపిందని నిలదీసింది. పాథ్ అసలు ఉద్దేశం కంపెనీల వ్యాపార ప్రయోజనమేనని రాసింది. పాథ్ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు, తాము నియమాల ప్రకారమే చేశామన్నది. సుప్రీంకోర్టులో 2012లో కల్పనా మెహతా తదితరులు కేసు వేశారు. తర్వాత ‘సమ’ కూడా వేసింది. ఇలాంటి కేసులో పార్లమెంటు సంఘం నివేదికను కోర్టు చూడొచ్చా, చూడకూడదా అన్న ప్రశ్న ఐదుగురు జడ్జీల ముందుకు పోయింది. 2018 మే 9న చూడొచ్చని తీర్పు వచ్చింది. అంటే ఆ నివేదికను కోర్టులో చూపించే హక్కు మనకు ఉంది.

ఇంకో మోసం మాటల్లో ఉంది. కాగితాల్లో దీన్ని ‘పరిశీలనా అధ్యయనం’, ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అని రాసుకున్నారు. ప్రయోగం అని పేరు పెడితే ప్రయోగానికున్న నియమాలన్నీ మీద పడతాయి. పేరు మారిస్తే నియమం తప్పించుకోవచ్చు. ఇది మనకు కొత్త గాదు. వెట్టిని ‘ఆనవాయితీ’ అన్నారు. అంటరానితనాన్ని ‘ఆచారం’ అన్నారు. పేరు మార్చటంలో వాళ్లకు వెయ్యేళ్ల అనుభవం ఉంది.

రెండు తప్పు దారులు

ఇక్కడ రెండు తప్పు దారులున్నాయి. మన కార్యకర్తలు ఆ రెండింట్లో పడొద్దు.

మొదటి తప్పు దారి: టీకానే విషం, ఏ సూదీ వేయించుకోవద్దు అని ఊళ్లో చెప్పటం. అట్లా చెప్పకండి. మన దేశంలో ఏటా లక్షా 20 వేలకు పైగా ఆడవాళ్లకు ఈ క్యాన్సరు వస్తోంది. దాదాపు 80 వేలమంది చనిపోతున్నారు. చనిపోయేది ఎక్కువగా ఎవరు? తెల్లబట్ట అవుతున్నా, రక్తం పోతున్నా సిగ్గుతో చెప్పుకోలేక, చెప్పుకున్నా చూసే డాక్టరు దొరకక, ముదిరినాక హైదరాబాద్ పెద్దాసుపత్రి వరండాలో చాప పరుచుకునే మన అక్కలే. ఈ జబ్బు మనది. దీని మీద పరిశోధన జరగాల్సింది కూడా మన కోసమే. టీకా ఆ వైరస్‌ను అడ్డుకుంటుందని ప్రపంచంలో ఎన్నో దేశాల అనుభవం చెబుతోంది.

రెండో తప్పు దారి: మరణాలకు టీకా కారణం కాదని తేలింది గదా, ఇంకేం తప్పు జరిగింది అనటం. చదువుకున్న పెద్దమనుషులు ఈ మాట ఎక్కువ అంటారు. వాళ్లను ఒక్కటి అడగండి. మీ బిడ్డ కాన్వెంటులో ఉన్నప్పుడు, మీకు ఒక్క ముక్క చెప్పకుండా, ప్రిన్సిపాల్ సంతకంతో సూది వేసి, ఏం కాలేదు గదా అంటే మీరు ఊరుకుంటారా? ఊరుకోరు. లాయరును పిలుస్తారు. హాని జరిగితేనే తప్పు కాదు. అడగకపోవటమే తప్పు. మన పొలంలోకి మనల్ని అడగకుండా దూరి పంట పాడుచేయకుండా తిరిగిపోయినా అది దూరటమే. మరి బిడ్డ ఒళ్లు పొలం కంటే తక్కువా?

కారంచేడు 1985లో, చుండూరు 1991లో మనోళ్ల మీద గొడ్డళ్లతో దాడి జరిగింది. గొడ్డలిని చూడగానే గుర్తుపడతాం, పోరాడతాం. కాగితంతో వచ్చిన అన్యాయాన్ని మాత్రం గుర్తుపట్టటం మనకు ఇంకా పూర్తిగా రాలేదు. దాన్ని నేర్చుకోవటానికే ఇలాంటి తరగతులు.

ఒక నల్లజాతి అక్క కథ

ఇది మనకొక్కరికే జరిగింది గాదు. అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అని ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. పొగాకు తోటల్లో పనిచేసే కుటుంబం. 1951లో ఆమెకు ఇదే గర్భసంచి ముఖద్వార క్యాన్సరు వచ్చింది. బాల్టిమోర్‌లో పెద్ద ఆసుపత్రికి పోయింది. డాక్టర్లు ఆమె గడ్డలోంచి చిన్న ముక్క తీశారు. పరిశోధనకు వాడతామని ఆమెను అడగలేదు. ఆమె అదే ఏడు 31 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆమె కణాలు మాత్రం సీసాల్లో పెరుగుతూనే ఉన్నాయి, ప్రపంచంలో లేబొరేటరీలన్నిటికీ పోయినాయి. పోలియో టీకా పరిశోధనకు అవి పనికొచ్చినాయి. 1980లలో ఆ కణాల్లోనే పాపిలోమా వైరస్ ఆనవాళ్లు బయటపడినాయి. ఈ క్యాన్సరుకు ఆ వైరస్ కారణమని కనిపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. కంపెనీలు టీకాలు అమ్ముకున్నాయి. హెన్రియెట్టా పిల్లలకు ఈ సంగతి తెలిసింది 1970లలో. ఒక పెద్ద కంపెనీ ఆమె వారసులతో రాజీకి వచ్చింది 2023లో. 72 ఏళ్లు పట్టింది.

చూడండి, ఈ టీకా వెనక ఉన్న జ్ఞానం ఒక నల్లజాతి పేదరాలిని అడగకుండా తీసుకున్న ముక్కతో ముడిపడి ఉంది. ఆ టీకా మన కోయ పిల్ల, మాదిగ పిల్ల జబ్బలోకి తల్లిని అడగకుండా దిగింది. మొదలూ చివరా అడగని మనుషులే. మధ్యలో ఒప్పందాలు, బిరుదులు, లాభాలు.

ఇంకో సంగతి చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. 2009లోనే మన దేశంలో పలుచోట్ల ఇదే టీకా మీద వేరే పరిశోధన ఒకటి మొదలైంది. మూడు డోసులు కావాలా, రెండు చాలా అని చూడటానికి. 2010 ఏప్రిల్‌లో ఖమ్మం, వడోదర గొడవతో కేంద్రం అన్నిటినీ ఆపినప్పుడు అదీ ఆగిపోయింది. అందులో దాదాపు 5 వేలమంది ఆడపిల్లలకు ఒక్క డోసే పడింది. శాస్త్రవేత్తలు వాళ్లను పదేళ్లు గమనించారు. ఒక్క డోసుతో కూడా మూడు డోసులకు దగ్గరగా రక్షణ ఉందని తేలింది. ఇలాంటి ఫలితాలు చూసి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చిన్న వయసు ఆడపిల్లలకు ఒక్క డోసు కూడా సరిపోతుందని చెప్పింది. మూడు డోసుల ఖర్చు ఒక డోసుకు తగ్గితే పేద దేశాలకు ఎంత మేలో ఆలోచించండి. ఆ మేలు వెనక, ఆపమని అరిచిన మన గొంతు కూడా ఉంది. మేం అరిస్తే సైన్సు ఆగిపోతుందని కొందరు బెదిరిస్తారు. ఇక్కడ ఆగింది సూది మాత్రమే. సైన్సు ముందుకే పోయింది.

తోటి ఉపాధ్యాయులకు, వార్డెన్లకు

ఇక్కడ మన టీచర్లు, వార్డెన్లు కూడా కూర్చున్నారు. వాళ్లతో రెండు మాటలు. పైనుంచి ఆర్డరు వస్తుంది. రేపటికల్లా లిస్టు పంపమంటారు. ఫోను మీద ఫోను వస్తుంది. మన ఉద్యోగం భయం మనది, కాదనను. కాని ఒక గీత గీసుకుందాం. పిల్లకు జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోయే అధికారం మనకుంది, బాధ్యత కూడా ఉంది. పిల్ల ఒంటిమీద పరిశోధనకు ఒప్పుకునే అధికారం మనకు లేదు. ఐసీఎంఆర్ సొంత మార్గదర్శకాలే ఈ మాట చెబుతున్నాయి. 2017లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం పిల్లలమీద పరిశోధనకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఏడేళ్లు దాటిన పిల్లల్ని కూడా అడిగి వాళ్ల ఇష్టం తెలుసుకోవాలి. 2019లో వచ్చిన కొత్త మందుల ప్రయోగాల నియమాల ప్రకారం ప్రయోగంలో హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. కాబట్టి లిస్టు అడిగితే ‘సర్, తల్లిదండ్రుల మీటింగు పెట్టండి, అక్కడ చెప్పండి’ అని రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆ కాగితం మిమ్మల్నీ కాపాడుతుంది, పిల్లల్నీ కాపాడుతుంది.

ఇప్పుడు మన ముందున్నది

ఇదంతా పాత కథ అనుకోకండి. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ ప్రారంభించింది. 40 ఏళ్ల లోపు 7 కోట్లమందికి రక్తపరీక్షలు చేస్తారట, 2047కల్లా జబ్బును నిర్మూలిస్తారట. మన ఏజెన్సీలోనూ ఈ జబ్బు ఉంది. రక్తకణం గుండ్రంగా ఉండాల్సింది కొడవలి మాదిరి వంగిపోతుంది, నరాల్లో ఇరుక్కుంటుంది, కీళ్లు ఒళ్లు పీకేస్తాయి. తల్లి నుంచి, తండ్రి నుంచి ఇద్దరినుంచీ ఆ లక్షణం వస్తేనే బిడ్డకు జబ్బు. ఒక్కరినుంచే వస్తే ఆ మనిషి వాహకం, మామూలుగానే బతుకుతాడు.

పరీక్ష చేయాలి. కచ్చితంగా చేయాలి. మనమే దగ్గరుండి చేయించాలి. కాని కార్డు చేతిలో పెట్టి వెళ్లిపోతే ఏమైతది? పెళ్లి సంబంధాల కాడ ఆ కార్డు ఎవరి మెడకు చుట్టుకుంటది? ఆడపిల్ల మెడకే. వాహకం అంటే రోగం కాదని ఊరికి ముందు చెప్పకుండా కార్డులు పంచితే కొత్త అంటరానితనం పుడుతుంది. జబ్బు ఉందని తేలిన బిడ్డకు హైడ్రాక్సీయూరియా గోళీలు నెలనెలా దగ్గర్లోని పీహెచ్‌సీలో దొరకాలి. అవసరమైతే రక్తం దొరకాలి. నిపుణులు లెక్కలు తీసుకొని పోయి, మనకు కార్డు మాత్రం మిగిలితే అది నిర్మూలన ఎట్లయితది?

అందుకని, ఏ బృందం వచ్చినా, ఏ బ్యానరు కట్టుకొచ్చినా, మన కార్యకర్త ఏడు ప్రశ్నలు అడగాలి. రాసుకోండి.

ఒకటి: మీరెవరు? డబ్బు ఎవరిది? మందు ఎవరు ఇచ్చారు?

రెండు: ఇది వైద్యమా, పరిశోధనా? రెండూ అయితే ఏది ఎంత?

మూడు: మేం వద్దంటే మాకేం పోతుంది? రేషను గాని, హాస్టల్ సీటు గాని, పింఛను గాని పోకూడదు. అది కాగితం మీద రాసివ్వండి.

నాలుగు: కాగితం మా భాషలో ఉందా? తెలుగు రానివాళ్లకు కోయ భాషలో చెప్పే మనిషి ఉన్నాడా?

ఐదు: ఏదన్నా అయితే ఏ డాక్టరు, ఏ ఫోను నంబరు? ఖర్చు ఎవరిది? బీమా ఉందా?

ఆరు: మా రక్తం, మా లెక్కలు ఎక్కడికి పోతాయి? ఫలితం మాకు ఎప్పుడు, ఎవరు వచ్చి చెబుతారు?

ఏడు: ఈ పరిశోధన నెగ్గితే ఆ మందు మా ఊరికి వస్తుందా? వస్తే ఎంత ధరకు?

నీతిగా వచ్చిన శాస్త్రవేత్త ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోడు. కుర్చీ వేసుకొని కూర్చొని జవాబు చెబుతాడు. అట్లాంటోళ్లు ఉన్నారు. వాళ్లకు మన వాడలో మంచినీళ్లిచ్చి, ఇల్లిల్లూ తిప్పి చూపిద్దాం. జవాబు చెప్పకుండా మీకర్థం కాదులే అనేవాడికి మాత్రం దారి చూపిద్దాం.

ఈ ప్రశ్నలు అడగాల్సిన చోటు గ్రామసభ. 1996 పెసా చట్టం ఏజెన్సీలో గ్రామసభకు విలువ ఇచ్చింది, అభివృద్ధి కార్యక్రమాలను ముందు గ్రామసభ ఆమోదించాలన్నది. ఆ చట్టంలో పరిశోధన అనే మాట లేదు. కాని గ్రామసభలో ఈ విషయం చర్చకు పెట్టొద్దని ఏ చట్టమూ చెప్పలేదు. అయితే ఒక జాగ్రత్త. గ్రామసభ ఒప్పుకుందని ఇంట్లో తల్లిని అడగటం మానకూడదు. ఊరి మాట ఊరిది, తల్లి మాట తల్లిది. రెండూ కావాలి. ఏజెన్సీ గ్రామాల్లో ఉన్న మాల మాదిగ కుటుంబాలు కూడా సభకు పోవాలి. ఇది వాళ్ల సభ, మన సభ అని విడిపోతే నష్టపోయేది ఇద్దరమూ. 2009లో సూది పొడిచినప్పుడు కోయ జబ్బ, మాదిగ జబ్బ అని చూడలేదు గదా.

మన డిమాండ్లు

చివరిగా ఈ తరగతినుంచి తీర్మానం చేసి పంపాల్సిన డిమాండ్లు మూడు.

మొదటిది అందరికంటే ముఖ్యం. 2009లో సూది వేయించుకున్న ఆ 14 వేలమంది ఎక్కడున్నారు? అప్పుడు 10 నుంచి 14 ఏళ్ల పిల్లలు. ఇప్పుడు పెళ్లిళ్లయి, పిల్లలున్న తల్లులు. కొందరు మిరప తోటల్లో ఉన్నారు, కొందరు తునికాకు కోస్తున్నారు, కొందరు హైదరాబాద్ వలస పోయారు. మన దేశంలో 30 ఏళ్లు దాటిన ప్రతి ఆడమనిషికి గర్భసంచి ముఖద్వార క్యాన్సరు పరీక్ష చేయాలని ప్రభుత్వమే 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ పిల్లలు ఆ వయసుకు చేరుతున్నారు. టీకా పడినా పరీక్ష తప్పదని వైద్యశాస్త్రం చెబుతోంది, ఎందుకంటే టీకా అన్ని రకాల వైరస్‌లనూ ఆపలేదు. మాకు సూది పడింది గదా, ఇంక ఫరవాలేదు అని ఏ చెల్లె అయినా అనుకుంటే అది ప్రాణం మీదికొస్తది. కాబట్టి ఆ మూడు మండలాల్లో ఆ పేర్ల లిస్టు బయటికి తీయాలి. ఇంటింటికీ పోయి పరీక్ష చేయాలి. జబ్బు మొదట్లో పట్టుకుంటే నయమవుతుంది. లిస్టు వాళ్ల దగ్గర ఉండాలి గదా, డోసులు లెక్కపెట్టి వేశారు గదా. జబ్బలు వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు, మనుషులను వెతకటం కష్టం కాకూడదు.

రెండోది: టీకా ఇక ఎప్పుడు ఇచ్చినా తల్లిదండ్రుల సమావేశం పెట్టి, పిల్లలతో మాట్లాడి, తెలుగులో, కోయలో వివరించి ఇవ్వాలి. డబ్బున్న పిల్లలకు ప్రైవేటు ఆసుపత్రిలో దొరికే టీకా మన పిల్లలకూ ఉచితంగా దొరకాలి. మనం టీకాకు వ్యతిరేకం కాదు, అడగకుండా వేసే టీకాకు వ్యతిరేకం.

మూడోది: ఇక్కడ ఏ పరిశోధన జరిగినా దాన్ని పరిశీలించే ఎథిక్స్ కమిటీలో ఈ ప్రాంతపు ఆదివాసి, దళిత మహిళలు ఉండాలి. అలంకారానికి ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టటం కాదు, ఆపే హక్కుతో ఉండాలి.

దేశం కోసం పరిశోధన అంటారు. సరే. దేశం అంటే ఢిల్లీ ఆఫీసు ఒక్కటే కాదు. భద్రాచలం ఆశ్రమ పాఠశాలలో నేలమీద చాప పరుచుకొని పడుకునే పిల్ల కూడా దేశమే. ఆ పిల్లను అడిగి, ఆ పిల్ల తల్లిని అడిగి చేసిన పరిశోధన మాత్రమే దేశం కోసం చేసిన పరిశోధన అవుతుంది.

ఈ మూడు డిమాండ్లు ఇప్పుడు చదువుతారు, చేతులెత్తి ఆమోదించండి. ఏడు ప్రశ్నలు రాసుకున్న కాగితం వచ్చే గ్రామసభకు తీసుకుపోండి. చదవటం రానివాళ్లు మన బడి పిల్లలతో చదివించుకోండి. వాళ్లకూ ఆ ప్రశ్నలు ఇప్పటినుంచే నోటికి రావాలి.

జై భీమ్.